తేనె అక్కరలేని గిట్టలు

కొండ కింద వాగు, వాగు ఒడ్డున ఒక మద్ది చెట్టు. ఆ చెట్టు మీద గౌరమ్మ అనే గోరువంక ఉండేది. తెల్లారీ తెల్లారకుండా కొండ అవతలికి ఎగిరిపోయి, అక్కడి ఊళ్ళన్నీ ఒక చుట్టు చుట్టి, ఎండ ఎక్కే వేళకు తిరిగొచ్చి కొమ్మ మీద కూర్చుని కబుర్లు చెప్పేది. ఏ కుంటలో నీళ్ళున్నాయి, ఏ చేలో కోత అయింది, ఎవరి దొడ్లో దూడ పుట్టింది, అన్నీ చెప్పేది. మేకలు, జింకలు, కుందేళ్ళు, పునుగుపిల్లులు కింద చేరి వినేవి. విన్నందుకు ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు, గౌరమ్మ అడిగేదీ కాదు.

అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక వెళ్ళేవాడు బూడిదయ్య అనే ఎద్దు. ఎనిమిదేళ్ళు చుక్కన్నతో కలిసి ఒకే కాడి మోశాడు. చుక్కన్న కుడివైపు వలపల, తను ఎడమవైపు దాపల. యజమానులైన అన్నదమ్ములు వేరుపడి పొలం పంచుకున్నప్పుడు జోడెడ్లనూ పంచుకున్నారు. తమ్ముడు చుక్కన్నను తోలుకుని కొండ అవతలికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళయినా బూడిదయ్య మేసేటప్పుడు కుడిపక్కన ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలేవాడు. మేకలు అందులోకి దూరితే జరగమనేవాడు.

లోకం కబుర్లన్నీ అయ్యాక గౌరమ్మ ఒక కొమ్మ కిందికి దిగేది.

"మీ చుక్కన్న ఇవాళ బావి దగ్గర కనిపించాడు. కొమ్ములకు ఎర్రరంగు వేశారు."

"మేత తింటున్నాడా అక్కా?"

"తింటున్నాడు. మా బూడిదయ్య తోక ఇంకా కుడివైపుకే విసురుతున్నాడా అని అడిగాడు."

కుడివైపుకు విసిరితే చుక్కన్న మీది ఈగలు లేచిపోయేవి. అదీ సంగతి.

"విసురుతున్నానని చెప్పు," అనేవాడు బూడిదయ్య. ఆ ఒక్క మాటతో మర్నాటిదాకా గడిపేవాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. పురుగూ లేదు, పండూ లేదు. ఒకనాడు గౌరమ్మ రెక్కలు వేలాడేసి, "తిండి వెతుక్కోవడానికే పూటంతా సరిపోతోంది. ఇక కొండ దాటే ఓపిక లేదు. ఏటి దిగువకు వెళ్ళిపోతాను," అంది.

బూడిదయ్యకు నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.

ఆ మాట పుట్టయ్య చెవినా పడింది. పుట్టయ్య గుడ్డెలుగు, తేనె బేరగాడు. కొర్రలో సజ్జలో తెచ్చినవాళ్ళకు తేనె ఇస్తుంటాడు.

"గౌరమ్మా, నీ చెట్టు కింద ఇంతమంది చేరతారు. ఒక ఎండిన తేనెపట్టు నీ కొమ్మకు కట్టుకోనీ. ఆ వాసనకు తేనె మీద మనసు పుట్టి నా గుహకు ఎవరొచ్చినా, తలకు చిటికెడు చొప్పున నీకు కొర్రలు పంపుతాను. కొన్నా సరే, కొనకపోయినా సరే. ఒక్కటే షరతు. మనసు పుట్టినవాళ్ళే రావాలి. నువ్వు తోలకూడదు."

"నోరెత్తను," అంది గౌరమ్మ.

చెట్టు నుంచి గుహకు దారి ఒకటే. గుమ్మం ముందు ఇసుకను పుట్టయ్య పొద్దున్నే చదును చేసేవాడు. సాయంత్రం దాని మీద పడిన అడుగులను బట్టి కొర్రలు పంపేవాడు. ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి గమనించాలి. పుట్టయ్య కొర్రలు ఇస్తున్నది అడుగులకు కాదు, ఆ అడుగుల వెనక ఉన్న ఆశకు.

మొదట్లో రోజుకు నలుగురైదుగురు వెళ్ళారు. గౌరమ్మకు అరకొరగా గడిచేది. బూడిదయ్యకు నిద్ర పట్టలేదు. అతని దిగులు చూసి జంబన్న అనే నక్క పక్కకు చేరాడు.

"ఏం బావా, గానుగకు కట్టినట్టు అక్కడక్కడే తిరుగుతున్నావు?"

"కొర్రలు చాలడం లేదు. గౌరక్క మళ్ళీ ఏటి మాట ఎత్తుతోంది."

"ఇంతేనా? నువ్వెళ్ళి ఆ ఇసుకలో నాలుగడుగులు వేసి రా. గింజలు ఆవిడ గూటికి వస్తాయి."

"నేను తేనె తినను కదయ్యా."

"తినమన్నానా? చూసి రమ్మన్నాను. చూస్తే తేనె తరుగుతుందా?"

"అబద్ధమవుతుందేమో."

"నీ నోరు ఏమైనా చెప్పిందా? కాళ్ళు నడిచాయి, అంతే. నడిస్తే అబద్ధమెలా అవుతుంది? పైగా పుణ్యం."

చెట్టు కింద కొర్రలు రాలితే కౌజు పిట్టలు వస్తాయని, వాటి కోసం తను పొదలో మాటువేసి ఉన్నానని జంబన్న చెప్పలేదు. అన్నీ చెప్పేస్తే నక్క ఎందుకవుతాడు?

బూడిదయ్య వెళ్ళాడు. చప్పుడు విని పుట్టయ్య మోకాళ్ళు పటపటమంటుండగా గుహ పక్కనున్న చెట్టు దిగి, దొప్పలో తేనె తెచ్చాడు.

"రా నాయనా. ఏ తేనె కావాలి? ఇప్పపూల తేనె ఉంది, రుచి చూడు."

"ఊరికే... చూద్దామని వచ్చానన్నా."

"చూడు చూడు, దానికేం." పుట్టయ్య మళ్ళీ చెట్టెక్కాడు.

ఆ మోకాళ్ళ చప్పుడు బూడిదయ్యకు వినబడకపోలేదు. కానీ మర్నాడు గౌరమ్మ కడుపునిండా తిని, కొండ దాటి వచ్చి, "చుక్కన్న నిన్ను కలలో చూశాడట," అంది. ఆ రోజు బూడిదయ్య గుహకు ఏడుసార్లు వెళ్ళాడు.

జంబన్న మేకలకూ చెప్పాడు, జింకలకూ చెప్పాడు. తను మాత్రం కాలు కదపలేదు. కబుర్లు అయిపోగానే మంద మందంతా బయల్దేరేది. తేనె కోసం నిజంగా వచ్చిన పునుగుపిల్లి ఆ తొక్కిసలాట చూసి, "ఇవాళ మన వంతు రాదులే," అని వెనక్కి తిరిగింది. మర్నాడు రానే లేదు.

పది రోజులకు పుట్టయ్య కొర్రల గాదె అడుగంటింది. తేనె దొప్పలు మాత్రం నిండుగానే ఉన్నాయి. ఆ సాయంత్రం ఆయన ఇసుక పక్కన కూలబడి ముద్రలను ఒక్కొక్కటే చూశాడు. గిట్ట. గిట్ట. గిట్ట. పంజా ఒక్కటి లేదు. తేనె తినే జంతువుల్లో గిట్టలున్నది ఏదా అని ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు.

మర్నాడు అందరూ ఉండగానే వచ్చి కొమ్మకున్న తేనెపట్టు విప్పాడు.

"గౌరమ్మా, తోలనన్నావు."

"తోలలేదు పుట్టయ్యా. నాకేమీ తెలియదు."

బూడిదయ్య ముందుకొచ్చాడు. "నిజమన్నా. ఆవిడ చెప్పలేదు. ఆవిడ మీది ఇష్టంతో మేమే వెళ్ళాం."

"కావచ్చు నాయనా. కానీ కాలిముద్ర ఎవరిదో చెబుతుంది గాని, ఎందుకొచ్చిందో చెప్పదు. నేను ఎవరిని నమ్మేది? ఈ అడవిలో ఇక ఏ పిట్ట కొమ్మకూ నా తేనెపట్టు కట్టను. వంతు దొరక్క వెళ్ళిపోయిన నా బేరాలు వెతుక్కోవాలి." ఆయన కేకలేమీ వేయలేదు. తేనెపట్టు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మేకల్లో ఒకటి నిన్నటిదాకా తిరిగిన సంగతి మరిచి, "కొర్రల కోసం ఇంత చేయించింది, కబుర్లు మాత్రం నిజమని ఏమిటి?" అంది. ఇంకొకటి నవ్వింది. జంబన్న అప్పటికే పొదలోంచి జారుకున్నాడు. కొర్రలు లేని చోటికి కౌజులు రావు కదా.

అందరూ వెళ్ళాక బూడిదయ్య తల దించుకుని నిలబడ్డాడు.

"నువ్వు ఉండాలనే చేశాను అక్కా."

"తెలుసు. కానీ అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు చేశావు. గడ్డివాము కింద రోజూ పడుకుంటావు కదా, వాములో దులిపితే గింజలుంటాయి. గింజలున్న ఒక గడ్డిపరక నోట కరుచుకొచ్చి, ఇది తిని వెళ్ళు అక్కా అంటే, కొండ కాదు, ఏడు కొండలు దాటేదాన్ని."

"రేపు తెస్తాను. రోజూ తెస్తాను."

"ఆకలికి తట్టుకునేదాన్నే. నా మాట నిజమా అని అడిగేవాళ్ళ ముందు కూర్చుని ఏం చెప్పను? మంచి పేరు గూడు లాంటిది తమ్ముడూ. కట్టుకోవడానికి ఏడాది పడుతుంది, రాలిపోవడానికి ఒక్క గాలి చాలు."

"చుక్కన్నకు ఏమని చెప్పను?" అనబోయి, చెప్పేది తను కాదని గుర్తొచ్చి బూడిదయ్య ఆగిపోయాడు.

గౌరమ్మ ఏటి దిగువకు ఎగిరిపోయింది.

ఇప్పుడు ఎండ ఎక్కే వేళకు కొండకు ఇవతల ఒక ఎద్దు మేత మానేసి చెవులు నిక్కబొడుచుకుని నిలబడుతుంది. అవతల ఇంకొకటి కూడా అలాగే నిలబడుతూ ఉండవచ్చు. తెలిసేదెలా?

ఇష్టం నీదైనప్పుడు ఇచ్చే గింజా నీదే కావాలి. పక్కవాడి గాదె నుంచి తీసిపెడితే, పెట్టించుకున్నవాళ్ళకే మచ్చ.