పడమటికి తిరిగిన ప్లేట్లు

నాపరాయి గనుల చుట్టుపక్కల సూర్యుణ్ణి పట్టుకొచ్చి పనిలో పెట్టిన మొనగాడు ఎవరని అడిగితే, దస్తగిరి ఏమాత్రం మొహమాటపడకుండా తన పేరే చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ సూర్యుడు పొద్దున పూట పనిలోకి వచ్చేవాడు కాదు.

దస్తగిరి హజ్రత్ నూరుల్లా షాకు శిష్యుడు. పట్నంలో సోలార్ పని నేర్చుకుని వచ్చి, గురువుగారి దర్గా వరండాలోనే గని కాలనీ ఆడపిల్లలకు ఆ విద్య చెబుతున్నాడు. దర్గా మిద్దె మీద రెండు ప్లేట్లు బిగించాడు. వాటితో నడిచే మోటరు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ తొట్టికి నీళ్లు తోడుతుంది. మధ్యాహ్నం దాటాక బ్రహ్మాండంగా తోడుతుంది. పొద్దున మాత్రం పైపు ఏడవలేక ఏడుస్తుంది.

ఎవరైనా అడిగితే, "రాతి దుమ్మప్పా" అనేవాడు దస్తగిరి. పాపం, దుమ్ము ఎదురు చెప్పదు కదా.

ఆ చలికాలం ఒక ట్రస్టువాళ్లు ఈ చదువుకు డబ్బిస్తామన్నారు. ముందు చూడాలన్నారు. ఆ డబ్బొస్తే పిల్లలకు నేర్చుకునే రోజులకు కూడా కూలి దక్కుతుంది. రాకపోతే సోమవారం నుంచి అందరూ మళ్లీ లారీలకు రాళ్లెత్తాల్సిందే. ఇళ్లల్లో అప్పటికే ఆ మాట అనేశారు.

చూడటానికి వచ్చే నళిని మేడంను భోజనాలయ్యాక రమ్మని దస్తగిరి తెలివిగా కబురు పెట్టాడు. ఆమె ఎక్కిన బస్సుకు అంత తెలివి లేదు. పొద్దున్నే తెచ్చి దింపేసింది.

"ముందు మోటరు చూపించండి" అంది ఆమె.

స్విచ్చి వేశారు. మోటరు మూలిగింది. పైపులోంచి దారమంత ధార కిందికి వేలాడింది.

"ఇంతేనా?"

"రాతి దుమ్ము మేడం" అన్నాడు దస్తగిరి. ఆమె ఇంకా చూస్తూనే ఉండేసరికి, "పిల్లోళ్లు సరిగ్గా తుడిచినట్టు లేదు" అని కలిపాడు.

జైబున్ అనే అమ్మాయి తలెత్తింది. ప్లేట్లు తుడిచిన గుడ్డ ఆమె చేతిలో ఇంకా తడిగానే ఉంది. ఏదో అనబోయి, తల దించుకుంది.

"తుడవడమే రాకపోతే రేపు వైరింగు ఎలా చేస్తారు?" అంది నళిని. కసరలేదు, మామూలుగానే అంది. వరండా అంతా చల్లబడిపోయింది.

దస్తగిరి ఒక్క పరుగున పెరట్లోకి వెళ్లాడు. నూరుల్లా షా దర్గా పడమటి గోడ వెనక పడ్డ నీడలో, శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"హజ్రత్, ఒక్క దువా చేయండి. ఆ మోటరు పట్టుకోవాల. లేకుంటే పిల్లోళ్ల నోట్లో మట్టే."

ముసలాయన లేచాడు. చాప చుట్టి చంకలో పెట్టుకుని పెరటి మధ్యకు నడిచాడు. ఎండ పడే చోట పరిచి, ఆ ఎండకు ఎదురుగా కూర్చున్నాడు. శాలువా తీసి పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు.

దువా మొదలవుతుందని దస్తగిరి చేతులు చాపి నిలబడ్డాడు. పెదవులు కదల్లేదు. ముసలాయన ముఖంలో మాత్రం, వేడి నీళ్లు పోసుకుంటున్న పసివాడి సుఖం కనబడింది.

"హజ్రత్" అన్నాడు దస్తగిరి మెల్లగా, "కాబా పడమట కదా. దానికి వీపు పెట్టి కూర్చున్నారే?"

"నమాజు అప్పుడే అయిపోయింది బేటా" అన్నాడు నూరుల్లా షా కళ్లు తెరవకుండానే. "ఇప్పుడు చలి కాచుకుంటాండా."

దస్తగిరి గురువును చూశాడు. తర్వాత తలెత్తి మిద్దెను చూశాడు. అక్కడ రెండు ప్లేట్లు ఎండకు వీపు చూపించి, పడమటికి మొహం పెట్టి, మహా భక్తిగా నిలబడి ఉన్నాయి.

స్పానర్ తీసుకుని నిచ్చెనెక్కాడు. "జైబున్, పైకి రా. ఈ పక్క పట్టుకో."

నట్లు వదులు చేసి, ఇద్దరూ కలిసి ప్లేట్లను రోజంతా ఎండ తగిలేలా దక్షిణానికి తిప్పారు. కింద మోటరు మూలుగు మానేసి గట్టిగా గొంతెత్తింది. నీళ్లు ఎగిసి తొట్టిలో పడి, అక్కడే వంగి చూస్తున్న నళిని చీర కుచ్చిళ్లు తడిపేశాయి.

"అబ్బో, దుమ్ము బాగానే వదిలిందే!" అని నవ్విందామె.

అవునంటే సరిపోయేది. ఆమె నమ్మేసింది కూడా. దస్తగిరి నిచ్చెన దిగి, పెరట్లో కళ్లు మూసుకుని కూర్చున్న ముసలాయన వైపు ఒకసారి చూశాడు.

"దుమ్ము కాదు మేడం. పిల్లోళ్లు రోజూ తుడుస్తానే ఉండారు. బిగించింది నేను. దర్గా మీద ఉండే వస్తువు కాబా వైపే చూడాలని, పడమటికి పెట్టినా."

"ఎటు పెట్టాలో ఈ పిల్లలకు తెలియదా మరి?"

"తెలుసు. 'దక్షిణానికి పెట్టాల, అన్నా' అని బిగించేటప్పుడే జైబున్ చెప్పింది." దస్తగిరి గొంతు తగ్గింది. "దర్గా మర్యాద నాకే నేర్పుతావా అని గదమాయించినా."

నళిని తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ పిల్లలను ఒక్కొక్కరినే చూసింది.

"సోమవారం రాళ్లెత్తడానికి వెళ్లకండమ్మా. ఇక్కడికే రండి. మీ కూలి సంగతి మేం చూసుకుంటాం" అంది. తర్వాత జైబున్ వైపు తిరిగింది. "గదమాయించినా మర్చిపోకుండా ఉన్నావంటే, నీకు పాఠం గట్టిగానే చెప్పారన్నమాట. ఎవరమ్మా ఆ మాస్టరు? ఆయన్నే పెట్టుకుందాం."

ఆడపిల్లలందరూ ఓణీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెరట్లో ముసలాయన భుజాలు ఒకటే కదులుతున్నాయి.

దస్తగిరి స్పానర్‌తో వీపు గోక్కున్నాడు.

"నేనే మేడం" అన్నాడు.