కొసరు మీద పన్ను

ఒక రాజ్యంలో అమ్మిన ప్రతి సరుకు మీదా పన్ను ఉండేది, కొసరు మీద మాత్రం ఉండేది కాదు. కొలత అయిపోయాక అమ్మేవాళ్లు తమ చేత్తో మరో పిడికెడు సంచిలో వేసేవాళ్లు. అదే కొసరు. అది వేయించుకోకుండా సంచి మూసేవాణ్ణి ఆ ఊళ్లో పిచ్చివాడనేవాళ్లు. ఊళ్లో అందరూ తెలివైనవాళ్లే కాబట్టి కొసరు కబుర్లతో సంత చీకటిపడేదాకా సాగేది.

ఆ సంత తరఫున రాజసభలో ఒక సభ్యుడు ఉండేవాడు. చిన్నప్పుడు మరమరాల అవ్వ దగ్గర సోలెడు కొని, కొసరు కోసం ఆమె పాత కబుర్లన్నీ విన్న ఘనుడు. ఇల్లు చేరేసరికి సోలెడూ సంచిలోనే ఉండేవి, కొసరు కడుపులో ఉండేది. ఎంత పెద్ద పదవిలో ఉన్నా, మరమరాలు వేగిన వాసన తగిలితే ఆయన నడక నెమ్మదించేది.

రాజుకి కొత్త ఆలోచన వచ్చింది. కొసరు కూడా సరుకే, దానికీ పన్ను వెయ్యాలన్నాడు. సభకి బయల్దేరిన సభ్యుణ్ణి అవ్వ ఆపింది.

"నాయనా, సోల మీద ఎంతైనా వేసుకోమను. కొసరు జోలికి రావద్దను."

"నేనుండగా వస్తారా అవ్వా?"

"నువ్వుండగానేగా ఆ ఆలోచన వచ్చింది."

ఆ సభలో ఒప్పుకునేవాళ్లు కండువాను ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మార్చుకోవాలి. నోరు తెరవక్కర్లేదు, అందుకే ఆ పదవికి అంత గిరాకీ. నిద్రపోతున్న ఒకాయన కండువాని పక్కాయనే మర్యాదగా మార్చిపెట్టాడు. అయినా రెండు పక్షాలూ సమంగా నిలిచాయి. సంత సభ్యుడొక్కడే మిగిలాడు.

మంత్రి ఆయన చెవి దగ్గరికి వంగాడు. "మార్చండి. మీ సంతకి పైకప్పు వేయిస్తాం."

వానొస్తే గంప మీద కొంగు కప్పి తను తడిసే అవ్వ గుర్తొచ్చింది సభ్యుడికి. ఆమెకిచ్చిన మాటా గుర్తొచ్చింది. వానే కాస్త గట్టిగా గుర్తొచ్చింది. కండువా మారింది.

కప్పు వచ్చింది. కొసరు పన్నుకని కూర్చున్న సుంకరికి మాత్రం పని తగల్లేదు. కొలిచేవాళ్లు కొలిచి ఊరుకుంటున్నారు, కొనేవాళ్లు వెళ్లిపోతున్నారు. సంత మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతోంది.

ఒకరోజు సభ్యుడు సంచి పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్లాడు. ఆమె సోల నింపి, అంచు మీద అరచేత్తో తుడిచి సమం చేసి, సంచిలో పోసింది.

"కప్పు ఎలా ఉందవ్వా?"

"చల్లగా ఉంది నాయనా. వానకి ఒక్కటీ మెత్తబడలేదు."

ఆయన సంచి మూయలేదు. అవ్వ చెయ్యి మళ్లీ గంపలోకి వెళ్లలేదు.

"ఆ పన్నేదో నేనే కడతాను," అన్నాడు మెల్లగా.

"కడితే అది కొసరెలా అవుతుంది నాయనా? సంచి మూసుకుని పక్కకి జరుగు. వెనక జనం నిలబడ్డారు."

సభ్యుడు సంచి మూసుకుని వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు.