గౌరమ్మ పళ్ళకి పట్టిన బూజు

నెల్లిపేటలో పైడయ్య ఇంటివాళ్ళంత బుద్ధిమంతులు లేరని ఊళ్ళో ఎవరన్నా అన్నారో లేదో తెలీదు గానీ, వాళ్ళు మాత్రం రోజూ అనుకునేవారు. పైడయ్య, అతని పెళ్ళాం దాలమ్మ, తమ్ముడు సన్యాసి. చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చేయడమే తెలివని ముగ్గురి నమ్మకం.

అన్నదమ్ముల తల్లి గౌరమ్మకు ఏడాది కిందట కట్టుడుపళ్ళు పెట్టించారు. "ఇక ఇవి నీ సొంత పళ్ళే అనుకో" అన్నాడట పళ్ళు కట్టినాయన. సొంత పళ్ళు ఎవరన్నా తీస్తారా? అంతే, ఏడాదిపాటు అవి నోట్లోంచి కదల్లేదు. చివరికి నోరంతా మంట, అంగిలంతా ఎర్రటి పుండు. మూడు రోజులుగా గంజి కూడా దిగక ముసలిది మంచం పట్టేసరికి, కొడుకులు బెంగపడి పట్నంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి మోసుకుపోయారు.

డాక్టరమ్మ పళ్ళు ఊడదీసి చూసి, బూజు పట్టిందంది. ఇంకేముంది, పైడయ్య పరుగున పోయి ఆసుపత్రి ఊడ్చేవాళ్ళ బూజుకర్ర పట్టుకొచ్చి, నోరు తెరవమ్మా అన్నాడు.

డాక్టరమ్మ కర్ర లాక్కుని ఓపిగ్గా చెప్పింది. ఇది సాలీడు బూజు కాదు, పచ్చడికి పట్టేలాంటిది. పళ్ళకి అతుక్కుని జిగటగా ఇల్లు కట్టుకుంది. మామూలు మందు ఆ ఇంట్లోకి దూరలేదు. కప్ప రోజంతా బురదలో ఉన్నా అంత తేలిగ్గా బూజు పట్టదు, దాని చర్మంలో ఊరే చిన్న చిన్న మాంసకృత్తులు బూజు ఒంటికి కన్నాలు పొడుస్తాయి. అలాంటివే తయారుచేసి ఈ గొట్టంలో పెట్టారు, అని ఒక గొట్టం చేతికిచ్చింది.

"పళ్ళు బాగా తోమి రెండుపూటలా మందు రాయండి. ఆ ఇల్లు కూలితేనే లోపలి బూజు చస్తుంది."

ఇంటికి రాగానే సన్యాసి పెన్ను తీశాడు. ఐదో తరగతి దాకా చదివినవాడు గదా, కట్టుడుపళ్ళ మీద గుండ్రంగా 'మందు' అని రాశాడు. సాయంత్రం ఇంకోసారి రాశాడు. దాలమ్మ చూసి, అక్షరాలు మరీ సన్నంగా ఉన్నాయి, అందుకే పట్టట్లేదంది. దిద్ది లావు చేశారు. మంట తగ్గలేదు.

రాతతో కాదని పైడయ్య తేల్చేశాడు. చెరువుగట్టున ఒక బోదురుకప్పను పట్టి, పళ్ళతోపాటు బిందెలో వేసి మూత పెట్టాడు. పొద్దెక్కాక మూత తీస్తే కప్ప పళ్ళ మీద హాయిగా కూర్చునుంది. కన్నాలు పొడవవేమే అని దాలమ్మ గట్టిగా అడిగింది. అంతే, కప్ప ఎగిరి ఆమె నెత్తిన పడి, అక్కణ్ణించి పెరట్లోకి పోయింది.

ఇక మిగిలింది ఇల్లు కూల్చడం. ఏ ఇల్లు? బూజు ఉండేది పళ్ళ మీద, పళ్ళు ఉండేది అమ్మ నోట్లో, అమ్మ ఉండేది ఈ ఇంట్లో. ఎటు లెక్కేసినా ఈ ఇల్లే. ఇంకేముంది, అన్నదమ్ములు గునపాలు తీశారు. మధ్యాహ్నానికి వంటింటి గోడ గంజికుండ మీద కూలింది. దుమ్ములో దగ్గుతూ గౌరమ్మ మంచమ్మీంచి లేచింది.

"ఒరే నాయనా, నన్ను ఆ డాక్టరమ్మ దగ్గర దింపేసి రండి. బతికితే అక్కడే బతుకుతాను."

ఆ మాటకు పైడయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తల్లిని బండెక్కించాడు.

మూత కూడా తియ్యని మందుగొట్టాన్నీ, రాతలున్న పళ్ళనీ చూసి డాక్టరమ్మ రెండూ తనే తీసేసుకుంది. గౌరమ్మను వారం తన దగ్గరే ఉంచుకుని, పళ్ళు తోమించి, మందు తన చేత్తోనే పూసింది. పుండు మానింది. ఎనిమిదో రోజు గౌరమ్మ చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

పంపించేటప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తగా ఒక్కటే మాట చెప్పింది.

"పడుకునే ముందు పళ్ళు తీసి నీళ్ళగిన్నెలో వెయ్యాలి. అందరికీ చెబుతున్నా, మరిచిపోవద్దు."

అందరికీ అంది గదా. ఇంటికొచ్చి భోజనాలయ్యాయి. గౌరమ్మ తన పళ్ళు గిన్నెలో వేసి కునుకు తీసింది. పైడయ్యకీ నిద్ర ముంచుకొస్తోంది గానీ, పళ్ళు తియ్యందే పడుకోకూడదాయె. ఎంత లాగినా ఒక్కటీ రాలేదు. చివరికి ముందుపంటికి గట్టి పురికొస కట్టి, రెండో కొస పెరట్లో పడుకున్న గేదె తోకకు ముడేశారు.

అంతే, గేదె లేచింది. పన్ను రాలేదు. పైడయ్యే పోయాడు, చెరుకుతోట దాటి, రోడ్డు దాటి. వెనకాల దాలమ్మ, సన్యాసి చెరో పక్కా నీళ్ళగిన్నె పట్టుకుని, పన్ను ఎక్కడ నేలపాలవుతుందోనని ఒక్క చుక్క తొణక్కుండా పరిగెత్తారు.