చీవరానికి కొలత

ఆ కొండదేశంలో చట్టాలు రాసే బాధ్యత మేఘియుడిది. కుర్రతనంలో కొన్నాళ్లు రేవత భిక్షువు ఆరామంలో చదువుకున్నాడు. అందుకని బుర్ర వేడెక్కినప్పుడల్లా అక్కడికే వెళ్లేవాడు. ఈసారి పొద్దున్నే, ముఖం కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చిపడ్డాడు.

"ఏమైంది నాయనా?" అన్నారు గురువు.

"మన నేతగాళ్లు కనిపెట్టిన అల్లికల్ని పైదేశాలవాళ్లు దొంగిలించి అమ్ముకుంటున్నారు. అడిగే దిక్కు లేదు. కొత్తది కనిపెట్టినవాడికి హక్కు ఇచ్చే చట్టం మనమూ చేస్తే, తమ దగ్గర మన హక్కులూ కాపాడతామని ఆ దేశాల పాలకులు ఒప్పందం పంపారు. ఎక్కడా తప్పు దొర్లకూడదని, సముద్రం అవతలి పెద్ద దేశం చట్టాన్ని అక్షరం పొల్లు పోకుండా దించేశాను. రేపు సభలో పెట్టాలి."

"మంచిదే కదా."

"నిన్న ఒక వర్తకుడు వచ్చాడు. మీరు ఊరికే పంచే జ్వరం కషాయాన్ని తన పేర రాయించుకుంటాడట. నా చట్టం ప్రకారం కుదురుతుంది గురువుగారూ. ముందు రాయించుకున్నవాడిదే హక్కు. ఇక జ్వరమొచ్చిన ప్రతివాడూ అతని గుమ్మం ఎక్కాలి. పోనీ చట్టాన్నే చింపేద్దామంటే నేతగాళ్లు మునిగిపోతారు."

గురువు లోపలికి వెళ్లి ఒక బట్టల తాను, కత్తెర, సూదీదారం తెచ్చి అతని ముందు పెట్టారు.

"నాకు కట్టుకోను చీవరం కావాలి. కుట్టిపెట్టు."

నేనింత అవస్థలో ఉంటే దర్జీ పని చెబుతాడేమిటీ మనిషి అని మేఘియుడు లోపల్లోపల విసుక్కున్నాడు. దండెం మీద దూరదేశం నుంచి వచ్చిన అతిథి భిక్షువు చీవరం ఆరుతోంది. కుట్టుపని ముచ్చటగా ఉంది. దాన్నే నేల మీద పరిచి, అంచుకు అంచు సరిపెట్టి కత్తిరించి, ముక్కలు కలిపి టాకాలు వేసి ఇచ్చాడు.

గురువు పొట్టి మనిషి. కట్టుకుని నాలుగడుగులు వేశారో లేదో, బట్ట కాళ్లకు చుట్టుకుని చతికిలబడ్డారు.

మేఘియుడు కంగారుగా పట్టుకోబోయాడు. "తీసేయండి గురువుగారూ, ఇది పనికిరాదు."

"పొట్టివాణ్ని కదా అని బట్టే కట్టుకోవద్దంటావా?" ఆయన లేవకుండానే అడిగారు. "చీవరం నియమం నాకూ ఆ అతిథికీ ఒకటేనా?"

"ఒకటే. ముక్కలు కలిపి కుట్టాలి. ఒళ్లు కప్పాలి."

"కొలత?"

"కట్టుకునేవాడి మూరతో..."

మాట సగంలో ఆగిపోయింది. ఒప్పందం అతనికి కంఠతా వచ్చు. మనసులోనే మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాడు. కొత్తది కనిపెట్టినవాడికి హక్కు ఇవ్వాలని ఉంది. తాతల నాటి నుంచి అందరూ కాచుకు తాగుతున్నదాన్ని ఒకడికి కట్టబెట్టమని ఎక్కడా లేదు. ముందు రాయించుకున్నవాడిదే హక్కన్నది పెద్ద దేశం తన కోసం రాసుకున్న సంగతి. దాన్ని నెత్తికెత్తుకున్నది తనే.

అయినా భయం పూర్తిగా వదల్లేదు.

"మనకు తగ్గట్టు మార్చి రాస్తే వాళ్లు ఒప్పుకుంటారా?"

గురువు కాళ్లకు చుట్టుకున్న బట్ట విప్పుకుంటూ అన్నారు:

"అతిథి వచ్చిన దగ్గర్నుంచి నా పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. నా పాత చీవరం పొట్టిదని నన్ను భిక్షువు కాదన్నాడా?"

మేఘియుడు నవ్వేశాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.