కోడికి యాలకులు ఎవరు పెట్టారు?

అనపర్తిలో కోళ్లదాణా కొట్టు నడుపుకునే ముత్యాలరావు అన్నివిధాలా మంచివాడే కానీ, ఎదుటివాళ్లు నోరు తెరవగానే "తెలుసు, తెలుసు" అని మాటను మధ్యలోనే తుంచేసే జబ్బు ఒకటి అతనికి ఉండేది.

ఒకసారి డాక్టరు "మీకు షుగరు..." అనగానే "తెలుసండి" అని లేచి వచ్చేశాడు. "లేదు" అన్న ముక్క డాక్టరు నోట్లోనే ఉండిపోయింది. ముత్యాలరావు ఆర్నెల్లు చప్పటి కాఫీ తాగాడు. కొట్టుకొచ్చిన రైతు "మొన్న పట్టుకెళ్లిన దాణా..." అంటే "తెలుసు, ఇంకో నాలుగు బస్తాలు కావాలంతే కదా" అనేవాడు. దాణా పురుగు పట్టిందని చెప్పడానికి వచ్చిన ఆ రైతు, అది చెప్పేలోపల బస్తాలు బండెక్కేసేవి. ఈ కథ చెబుతున్నవాడికీ ఆ జబ్బు కాస్త ఉంది కాబట్టి లక్షణాలు బాగా తెలుసు.

ఆ ఏడాది క్రికెట్టు ఫైనలు ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి పడింది. సెమీఫైనలు ముత్యాలరావూ స్నేహితులూ దొరబాబు ఇంట్లో చూశారు. దొరబాబు పక్కవీధిలో టైర్ల కొట్టువాడు. వాళ్లావిడ వేసిన చికెన్ పకోడీ గురించి వారం రోజులు ఊళ్లో చెప్పుకున్నారు. రిటైరైన పోస్టుమాస్టరు సోమశేఖరం గారు మాత్రం నూనె తినొద్దని డాక్టరు చెప్పడంతో ఆ వేళంతా పకోడీని చూస్తూ మజ్జిగ తాగారు. అది చూసిన ముత్యాలరావు ఊరుకోలేకపోయాడు.

"ఫైనలు మా ఇంట్లో చూద్దామండి మాస్టారు. నూనె చుక్క లేకుండా ఓవెన్లో చికెన్ చేసి పెడతాను. నా చేత్తో!" అన్నాడు.

"నువ్వెప్పుడైనా పొయ్యి వెలిగించావా అన్నయ్యా?" అన్నాడు దొరబాబు.

"పాతికేళ్లుగా కోళ్లకి తిండి పెడుతున్నాను. కోడి గురించి నాకు తెలియందేంట్రా?"

ముత్యాలరావు ఇంట్లో ఓవెను ఉన్న మాట నిజమే. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చారు. మొదట్లో అందులో ఒక కేకు చేశారు. ఆ కేకును కోయడానికి కొబ్బరికాయ కొట్టే కత్తి కావలసి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లుగా దాన్ని ఎవరూ వెలిగించలేదు. తలుపు అద్దానికి కంపెనీవాళ్లు అంటించిన బొమ్మల కాగితం కూడా ఊడదియ్యలేదు. కానీ ముత్యాలరావు భార్య అనంతలక్ష్మి దాన్ని వృథాగా పోనివ్వలేదు. చీమ దూరదు, ఎలక దూరదు, మొగుడు అసలే దూరడు. అంతకంటే మంచి అలమర ఎక్కడ దొరుకుతుంది?

ఆదివారం పొద్దున్నే అనంతలక్ష్మి బిక్కవోలు ప్రయాణమైంది. అక్కడ వాళ్ల అక్క కూతురికి సోమవారం సీమంతం. పూలు గుచ్చి, పనులు చక్కబెట్టి సాయంత్రానికి వచ్చేస్తానంది. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది.

"ఏవండీ, ఆ ఓవెన్లో..."

"తెలుసే. రెండొందల డిగ్రీలు, పాతిక నిమిషాలు. వీడియో చూశాను."

"అది కాదండి. అక్కా వాళ్లింటికి..."

"తెలుసు. నువ్వెళ్లు, ఆటో వెళ్లిపోద్ది."

"రేపు పొద్దున్న..."

"తెలుసే బాబూ! రేపు పొద్దున్న తొమ్మిదింటికి సీమంతం. నన్నేం మతిమరుపు మనిషి అనుకున్నావా?"

అనంతలక్ష్మి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆవిడ వెళ్లిపోయింది.

ముత్యాలరావు కిలోన్నర ఎముకల్లేని కోడిమాంసం తెచ్చి, పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి మూతపెట్టాడు. ఆ మాటకొస్తే ఆ పని బాగానే చేశాడు. తర్వాత ఏం చేయాలో ఫోనులో చూశాడు. వీడియోలో ఒక అమ్మాయి నవ్వుతూ, "ముందుగా ఓవెన్ని పది నిమిషాలు వేడి చేసుకోవాలండి. అయితే దానికంటే ముందు ఒకసారి తలుపు తీసి..." అంటోంది. "తెలుసు" అని ముత్యాలరావు వేలితో ముందుకు జరిపేశాడు. ఫోను కూడా అతనికి అనంతలక్ష్మి లాగే కనపడింది.

మూడున్నరకల్లా దొరబాబు, సోమశేఖరం గారు, ఇంకో నలుగురు హాల్లో చాపల మీద కూర్చున్నారు. అయిదింటికి మన జట్టు బ్యాటింగు మొదలైంది. సగం ఓవర్లు అయ్యాక ముత్యాలరావు వంటింట్లోకి వెళ్లి, తలుపు తియ్యకుండానే ఓవెను మీట తిప్పి, దర్జాగా వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు.

ఏడెనిమిది నిమిషాలకి ఇల్లంతా కమ్మటి వాసన వచ్చింది.

దొరబాబు ముక్కు ఎగబీల్చాడు. "అన్నయ్యా, చికెన్ చేస్తున్నావా, సత్యనారాయణ వ్రతం చేస్తున్నావా? నెయ్యి వాసనొస్తోంది."

"ఓవెను వేడెక్కితే అలాగే వస్తుంది. తెలుసుకో" అంటూ ముత్యాలరావు లేచాడు. వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుని ఓవెను తెరిచాడు.

లోపల పెద్ద స్టీలు పళ్లెం ఉంది. దాని మీద మూతగా ఇంకో పళ్లెం ఉంది. గుడ్డ పట్టుకుని పై పళ్లెం ఎత్తాడు. నలభై పూతరేకులు. పొద్దున, పట్టుకుంటే చిరిగేంత పల్చగా, తెల్లగా ఉండి ఉంటాయి. ఇప్పుడు గోధుమరంగు తిరిగి, ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. నేతిలో యాలకులు కలిసిన బెల్లం కుతకుతా ఉడుకుతోంది.

ముత్యాలరావు పై పళ్లెం పక్కన పెట్టాడు. పొద్దున గుమ్మంలో తను తుంచేసిన మాటలు మూడూ ఇప్పుడు వాటంతట అవే అతుక్కున్నాయి. ఏవండీ, ఆ ఓవెన్లో పూతరేకులున్నాయి. అక్కా వాళ్లింటికి సారె. రేపు పొద్దున్న పట్టుకెళ్లాలి.

అవి మామూలు పూతరేకులు కావు. కిందటేడు ఆ అమ్మాయి పెళ్లికి అనంతలక్ష్మి పట్టుకెళ్లిన కాజాలు దారిలో మెత్తబడ్డాయి. అమ్మాయి అత్తగారు కనకరత్నం ఒక కాజాని రెండు వేళ్లతో పైకెత్తి, "మీ ఊళ్లో కాజాలు నిలబడలేవా అమ్మా?" అంది. అందరూ నవ్వారు. అనంతలక్ష్మి కూడా నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చింది. ఈసారి సీమంతానికి ఆత్రేయపురం పేరమ్మ చుట్టిన పూతరేకులు తెస్తానని అందరి ముందూ చెప్పింది. వారం ముందు కబురు పెట్టి తెప్పించుకుంది. చీమలకి భయపడి ఓవెన్లో దాచింది. చీమల కంటే ప్రమాదమైనది ఇంట్లో ఉంటుందని ఆవిడకి తెలుసు కాబట్టే మూడుసార్లు చెప్పబోయింది.

హాల్లోంచి దొరబాబు కేక వేశాడు. "అన్నయ్యా, ఆకలి!"

భయంలో ఉన్నవాడికి వచ్చే ఆలోచనలు ఎప్పుడూ అంత గొప్పగా ఉండవు. ముత్యాలరావుకి వచ్చిన ఆలోచన ఇది: పూతరేకులు కనపడకపోతే పాడైనట్టు ఎవరికీ తెలియదు. చీమలు ఎత్తుకుపోయాయని చెప్పొచ్చు. నలభై పూతరేకుల్ని చీమలు పళ్లెం మూత తీసి ఎత్తుకుపోవడం కష్టమని అతనికి ఆ గాభరాలో తోచలేదు.

కోడిముక్కలు పళ్లెంలో పరిచాడు. నేతిలో ఉడికిన బెల్లం వాటి మీద పోశాడు. కరకరలాడుతున్న రేకుల్ని చేత్తో నలిపి పైన చల్లాడు. ఓవెన్లోకి తోసి దేవుడికి దండం పెట్టుకున్నాడు.

పాతిక నిమిషాల తర్వాత పళ్లెం హాల్లోకి వచ్చింది. దొరబాబు ఒక ముక్క పుల్లతో గుచ్చి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు. అందరూ అతని మొహం చూశారు.

"ఏమైందిరా?" అన్నాడు ముత్యాలరావు.

"అన్నయ్యా..." దొరబాబు కళ్లు మూసుకున్నాడు. "మా ఆవిడకి చెప్పొద్దు గానీ, ఆ పకోడీ దీని కాలిగోటికి సరిపోదు."

పైన కరకర, లోపల మెత్తన. కారం వెనకాల తీపి, తీపి వెనకాల పులుపు. టీవీలో సిక్సర్లు పడుతున్నాయి. ఎవరూ తలెత్తలేదు.

"నూనె చుక్క లేదు కదా?" అని అడిగారు సోమశేఖరం గారు, ఆరో ముక్క అందుకుంటూ.

"నూనె చుక్క లేదండి మాస్టారు" అన్నాడు ముత్యాలరావు. ఆ రోజు అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అదే. అదీ సగమే.

"ఎలా చేశావో చెప్పు అన్నయ్యా. పైన కరకరలాడేదేంటి?"

"అదీ... అదొక పద్ధతిలే" అంటూ ఉండగా గేటు చప్పుడైంది. అనంతలక్ష్మి లోపలికి వచ్చింది.

"రా వదినా, సరిగ్గా టైముకొచ్చావ్!" దొరబాబు ఆవిడ చేతిలో ఒక ముక్క పెట్టాడు. "మొగుడి చేతివంట తినే అదృష్టం అందరికీ రాదు. తిను."

అనంతలక్ష్మి నవ్వుతూ నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలింది. నవ్వు ఆగింది.

"ఏవండీ, కోడికి యాలకులు ఎవరు పెట్టారు?"

ముత్యాలరావు నోరు తెరిచాడు. నలభై ఆరేళ్లుగా నాలిక చివర కాపురం ఉంటున్న ఆ ఒక్కమాట, "తెలుసు" అన్నది, ఆ వేళ రాలేదు.

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. ఓవెను తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు వినిపించాయి. ఆ క్షణంలోనే మన జట్టు గెలిచింది. అందరూ లేచి గంతులు వేశారు. ముత్యాలరావు ఒక్కడే వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. గట్టుకి ఆనుకుని నిలబడి మెల్లగా అంది.

"ఇరవై రెండేళ్లుగా మీతో మాటలు మొదలుపెడుతున్నాను. పూర్తిచేసిన మాట ఒక్కటి గుర్తుకు రావట్లేదండి. రేపు ఆవిడ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

ముత్యాలరావు ఆ మాటని చివరిదాకా విన్నాడు. తుంచడానికి అందులో ఏమీ దొరకలేదు.

మర్నాడు కోడి కూసేవేళకి అతను మోటారుసైకిలు మీద ఆత్రేయపురంలో ఉన్నాడు. పేరమ్మ, రేకులు తీయడానికి బోర్లించిన కుండ కింద అప్పుడే మంట పెడుతోంది. విషయం విని ముక్కున వేలేసుకుంది.

"రేకులున్నాయి బాబుగారూ. చుట్టే పిల్లలు తొమ్మిదికి గానీ రారు. నాకు కుండ దగ్గర నుంచి లేవడం కుదరదు. మీరే చుట్టుకోవాలి. చెబుతాను, వినండి. తడిగుడ్డ మీద రేకు పరిచి..."

ముత్యాలరావు చెయ్యి రేకు మీదికి వెళ్లిపోయింది. రేకు పెళుక్కున విరిగింది.

"నేను ముగించలేదండి" అంది పేరమ్మ.

ముత్యాలరావు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. "తప్పయింది. చెప్పు తల్లీ."

పేరమ్మ నిదానస్తురాలు. రేకు ఎంతసేపు తడిసితే మెత్తబడుతుందో, నెయ్యి ఎందుకు వేలితోనే రాయాలో, బెల్లంపొడి అంచుల దాకా ఎందుకు పోకూడదో చెప్పింది. మధ్యలో తన కోడలి సంగతి చెప్పింది. కోడలి పుట్టింటివాళ్ల సంగతీ చెప్పింది. ముత్యాలరావు నాలుగుసార్లు "తె" అని ఆగిపోయాడు. ఆవిడ "ఇంతేనండి" అన్నాకే రేకు ముట్టుకున్నాడు. ఒక్కటీ విరగలేదు.

తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా బిక్కవోలులో అనంతలక్ష్మి చేతిలో పళ్లెం పెట్టాడు. నలభై పూతరేకులు. కొన్ని లావు, కొన్ని సన్నం, రెండు మాత్రం కాస్త వంకర.

కనకరత్నం గారు ఒక పూతరేకుని రెండు వేళ్లతో పైకెత్తింది. ఆవిడ కొరికింది. రేకు నోట్లోనే కరిగిపోయింది. ఇంకోటి తీసుకుంది.

"రుచి అమృతమేనమ్మా! చుట్టడమే కొత్త చెయ్యిలా ఉంది. ఎవరు చుట్టారు?"

"మా ఆయనండి" అంది అనంతలక్ష్మి. "ఎందుకు చుట్టాల్సొచ్చిందంటే..."

ఆవిడ ఆగి మొగుడి వైపు చూసింది. ఇరవై రెండేళ్ల అలవాటు కదా. ముత్యాలరావు పెదాలు గట్టిగా బిగించుకుని, చెప్పమన్నట్టు తలూపాడు.

అనంతలక్ష్మి చెప్పింది. గుమ్మంలో చెప్పులు వేసుకున్న దగ్గర నుంచి మొదలుపెట్టి, చప్పటి కాఫీ కథ కూడా కలిపి, ముప్పైమంది ఆడవాళ్ల ముందు ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. సీమంతం ముహూర్తం కాస్త అటూ ఇటూ అయింది కానీ ఎవరూ పట్టించుకోలేదు. కనకరత్నం గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, అనంతలక్ష్మి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ముత్యాలరావు చెవులు ఎర్రబడ్డాయి. కానీ అతను చివరిదాకా విన్నాడు. భార్య కథ చెబితే ఇంత బాగుంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

"అదంతా సరేగానీ బాబూ, ఆ కోడికూర ఎలా చేశారో మాకూ చెప్పండి" అంది కనకరత్నం గారు.

అందరూ అతని వైపు తిరిగారు. ముత్యాలరావు గొంతు సవరించుకున్నాడు.

"నాకు తెలియదండి" అన్నాడు.

నీతి: ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా "తెలుసు" అనకూడదు. మనం తుంచేసిన సగంలోనే మనకు తెలియనిది ఉంటుంది.