తిరుపతమ్మ రాసిన ‘లేదు’

మర్రిగుంటపాలెంలో తిరుపతమ్మ అనే అమ్మాయి ఉండేది. పరుగులో ఆమెను అందుకునేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు, జరిగిన పొరపాటును దాచిపెట్టడంలో అయితే అసలే లేరు. పాలగిన్నె ఒలికితే చప్పుడు కాకుండా తుడిచేసి, గిన్నె కడిగి బోర్లించేది. రేషన్ కార్డు పారేసుకున్న సంగతి ఇంట్లో నెల రోజులకు గానీ తెలియలేదు. “ఎందుకు దాచావే?” అని తల్లి ఆదిలక్ష్మి నిలదీస్తే, “దాచిందేముందమ్మా? నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు” అనేది. ఇలాంటి ప్లీడరు మాటలు ఆదిలక్ష్మికి చేతకావు. ఆమె షెడ్డులో పొగాకు ఆకులు ఏరి వేరుచేసే గ్రేడింగు పనికి వెళ్లే మనిషి. మాట అనడం తెలుసు, పడటం తెలుసు గానీ, మాట మార్చడం తెలియదు.

తండ్రి లేని ఇల్లు అది. పొగాకు దుమ్ముకు ఆదిలక్ష్మి దగ్గు ఏడాదికేడాది ముదురుతోంది. అందుకే కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయని తెలిసిన రోజునే తిరుపతమ్మ దరఖాస్తు పెట్టింది. తనకు ఉద్యోగం వస్తే అమ్మ ఇక ఆ షెడ్డు గడప తొక్కకూడదని ఆమె పట్టుదల. స్నేహితురాలు షాహీనాతో కలిసి రోజూ తెల్లవారుతూనే సుబాబుల్ తోటల వెంట మట్టిరోడ్డు మీద పరుగెత్తేది. రాత పరీక్ష గట్టెక్కింది. పరుగు పందెంలో అందరికంటే ముందు గీత దాటి, వెనక వచ్చేవాళ్లకు చప్పట్లు కొట్టింది. చివరి పరీక్ష కూడా అయ్యాక ఎంపికైనవారి జాబితాలో ఇద్దరి పేర్లూ వచ్చాయి. ఆ రోజు ఆదిలక్ష్మి వీధి వీధంతా బెల్లం పంచింది.

ఇక మిగిలింది ఒక్క కాగితం. తమ గురించిన వివరాలన్నీ అభ్యర్థులే స్వదస్తూరితో నింపి, సంతకం చేసి ఇవ్వాల్సిన పత్రం అది. అందులో ఒక ప్రశ్న దగ్గర తిరుపతమ్మ కలం ఆగిపోయింది: ‘మీపై ఎప్పుడైనా పోలీసు కేసు నమోదైందా? కోర్టు జరిమానా విధించిందా?’

నమోదైంది. మూడేళ్ల కిందట ఊరి బోరు మోటారు కాలిపోయి, ఇరవై రోజులైనా నీళ్ల ట్యాంకరు రాకపోతే, ఊళ్లో ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న తిరుపతమ్మ కూడా కూర్చుంది. పోలీసులు తొమ్మిది మంది మీద కేసు రాశారు. అందులో ఆదిలక్ష్మీ ఉంది, తిరుపతమ్మా ఉంది. కోర్టుకు వెళ్లి జరిమానా కట్టి, సాయంత్రానికి ఇల్లు చేరారు. మర్నాడే ట్యాంకరు వచ్చింది గనుక ఆ కేసు సంగతి ఎవరూ మనసులో పెట్టుకోలేదు.

జిరాక్స్ కొట్టు వెంకటరత్నానికి లోకంలోని దరఖాస్తులన్నీ తానే కనిపెట్టినంత ధీమా. తిరుపతమ్మ తటపటాయిస్తుంటే, “కేసుందని రాస్తే ఉద్యోగం గోవిందా! లేదు అని కొట్టెయ్యి. ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు.

“ఉన్నది ఉన్నట్టు రాయవే,” అంది పక్కనే ఉన్న షాహీనా. “నీళ్ల కోసం కూర్చుంటే తప్పేంది?”

తిరుపతమ్మకు షాహీనా మాట సబబుగానే తోచింది. కానీ చేతికి అందిన ఉద్యోగం జారిపోతుందేమోనన్న భయం ముందు ఆ మాట నిలవలేదు. ‘లేదు’ అని రాసింది. ‘పైన రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న వాక్యం కింద సంతకం చేసింది.

వారం తిరిగేసరికి కబురు వచ్చింది. అభ్యర్థుల గురించి విచారించడానికి హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఊరికి వస్తున్నాడట! ఆ మాట వినగానే తిరుపతమ్మ వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. “పిన్నీ, బిందెల సంగతి అడిగితే తెలియదని చెప్పవా? అత్తా, నువ్వు కూడా” అని బతిమాలింది. పిల్ల ఉద్యోగం కదా అని అందరూ తలూపారు. చివరికి తల్లి దగ్గరికి వచ్చింది.

“నాకు అట్టాంటియి చేతగావే,” అంది ఆదిలక్ష్మి.

“ఒక్క మాటమ్మా. లేదు అను, చాలు. నా బతుకంతా ఆ మాట మీదుంది.”

ఆదిలక్ష్మిని దగ్గు తెర కమ్మేసింది. అది ఆగాక, “సరే” అంది.

మర్నాడు హెడ్ కానిస్టేబుల్ జాన్‌బాబు వచ్చాడు. వయసు మళ్లిన మనిషి, నెమ్మదైన మాట. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన టీ పుచ్చుకుని, చదువు గురించీ చుట్టాల గురించీ అడిగి రాసుకున్నాడు. ఆ తర్వాత కలం పక్కన పెట్టి ఆదిలక్ష్మి వైపు చూశాడు.

“అమ్మా, మీ పిల్ల మీద ఎప్పుడైనా కేసు ఉందా?”

కూలి ఎగ్గొట్టిన షెడ్డు మేస్త్రీని నలుగురిలో నిలబెట్టి కడిగేసిన ఆదిలక్ష్మి, ఇప్పుడు తల ఎత్తలేక కొంగు కొనను వేలికి చుట్టుకుంటోంది. ఎదురింటి గుమ్మంలో పిన్ని కూడా నేల చూపులే చూస్తోంది. తిరుపతమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. తను రాసిన ఒక్క మాటకు వీధి వీధంతా తలవంచుకుని నిలబడింది.

“లే...” అని ఆదిలక్ష్మి మొదలుపెట్టింది.

“అమ్మా, ఆగు!” అంది తిరుపతమ్మ. “ఉంది సార్. నీళ్ల కోసం రోడ్డు మీద కూర్చున్నాం. కోర్టులో జరిమానా కట్టాం. నేనే భయపడి లేదని రాశాను. వీళ్ల చేత కూడా చెప్పించబోయాను. తప్పు నాది.”

జాన్‌బాబు తన సంచిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీశాడు. అందులో తొమ్మిది పేర్లున్నాయి. ఆరో పేరు తిరుపతమ్మది.

“స్టేషన్ రికార్డు చూడకుండా ఎవరమూ ఊరికి రామమ్మా. ఈ కేసు సంగతి పత్రంలో నువ్వే రాసి ఉంటే, చిన్న కేసని చెప్పి నేను టీ తాగి వెళ్లిపోయేవాణ్ని. మీ అమ్మ లేదని చెప్పి ఉంటే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు, కాగితం చూపించకముందే తానే చెప్పింది అని రాస్తాను. ఆపైన మా పెద్ద ఆఫీసర్ల ఇష్టం.”

పెద్దలు వెంటనే కరగలేదు. తిరుపతమ్మ పేరు పక్కన పెట్టారు. షాహీనా ట్రంకుపెట్టె పట్టుకుని ట్రైనింగుకు వెళ్లే రోజున, బస్సు దాకా పెట్టె మోసింది తిరుపతమ్మే. బస్సు కదలగానే ఏడ్చింది. తల్లి చూస్తుందని కన్నీళ్లు దాచుకోలేదు కూడా. ఆ వేసవి అంతా తల్లితో పాటు పొగాకు షెడ్డుకు వెళ్లింది. తెల్లవారుజామున పరుగు మాత్రం మానలేదు.

ఏడు నెలలకు పిలుపు వచ్చింది. ఒంగోలులో ఒక మహిళా అధికారి ఎదుట నిలబెట్టారు.

“నీళ్ల కోసం కూర్చోవడం తప్పనుకున్నావా?” అడిగింది ఆమె.

“లేదు మేడమ్. అది దాచడం తప్పు.”

“రేపు స్టేషన్లో నీ ముందు ఒకడు భయపడి అబద్ధం చెబుతాడు. ఏం చేస్తావు?”

“వెంటనే కసరుకోను మేడమ్. నిజం చెప్పడానికి ఇంకోసారి అవకాశం ఇస్తాను. నాకూ ఒకాయన ఇచ్చాడు.”

అధికారి నవ్వలేదు. ఫైలు మీద ఏదో రాసి, “వెళ్లు” అంది. నెల తర్వాత ఉత్తరం వచ్చింది. తిరుపతమ్మను తర్వాతి బ్యాచ్‌లో ట్రైనింగుకు రమ్మన్నారు. షాహీనా కంటే ఒక ఏడాది వెనకబడింది. ఆ ఏడాది ఇక ఎన్నటికీ తిరిగి రాదు. అయినా ఖాకీ బట్టలతో మొదటిసారి ఇంటికి వచ్చిన రోజున, ఆదిలక్ష్మి కూతుర్ని వీధిలో ప్రతి గుమ్మం దగ్గరికీ తీసుకెళ్లింది. “కేసు సంగతి మా పిల్లే తనంతట తాను చెప్పింది తెలుసా!” అని, ఉద్యోగం కంటే ఆ ముక్కనే గొప్పగా చెప్పుకుంది. పొగాకు షెడ్డు మేస్త్రీకి ఇక రానని కబురు పంపింది.

నీతి: జరిగినదాన్ని దాచబోతే మనవాళ్ల చేత కూడా అబద్ధం ఆడించాల్సి వస్తుంది, ధైర్యం చేసి మనమే ఒప్పుకుంటే, ఆలస్యమైనా తలెత్తుకుని నడిచే దారి దొరుకుతుంది.