కోటబాట పందెం

అనగనగా, సైకిలు అనే బండి మన నేలమీదకు వచ్చిన కొత్తల్లో, నల్లమెట్ట అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాన్ని ఏలే రాజు చెడ్డవాడు కాడు. కాని చెప్పుడు మాటల మనిషి. దివాను భుజంగరావు ఏది చెబితే అదే ఆయనకు వేదం.

రాజుగారి తల్లి బతికున్న రోజుల్లో ఊరి ఆడవాళ్లకు ఇరవై సైకిళ్లు తెప్పించి ఇచ్చింది. "కాళ్లున్న ప్రతి ఆడదీ ఊరి పొలిమేర దాటి చూడాలి" అనేది ఆ తల్లి. ఆవిడ పోయింది. సైకిళ్లు మిగిలాయి.

వాటిలో ఒకటి నూకరత్నానిది. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లకు ఇళ్ల నుంచి అన్నం క్యారేజీలు మోసుకెళ్లడం ఆమె పని. హ్యాండిలుకు ఆరు, వెనక చట్రానికి పది వేలాడదీసుకుని, చుక్క పులుసు ఒలకకుండా తొక్కేది.

ఒకరోజు దివాను గుర్రమెక్కి కోటబాట వెంట వస్తున్నాడు. ఎదురుగా మంత్రసాని సన్యాసమ్మ సైకిలు మీద వస్తూ గంట కొట్టింది. గుర్రం బెదిరింది. దివాను మురుగుకాలవలో పడ్డాడు. చూసిన పిల్లలు పకపకా నవ్వారు.

మర్నాటికల్లా కోటబాట మొదట్లో బోర్డు లేచింది. 'ఈ బాటన ఆడవారు సైకిలు తొక్కరాదు' అని. కింద రాజుగారి ముద్ర.

ఊరికి ఉన్న మంచిదారి అదొక్కటే. రెండోది ఊబినేల చుట్టూ తిరిగిపోయే దారి. మూడింతల దూరం. నూకరత్నం తీసుకెళ్లే అన్నం చల్లారిపోయేది. నేతగాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె పళ్లబిగువున ఓర్చుకుంది.

నెల తిరక్కుండానే ఆమె తోడికోడలు అప్పలనరసకు నొప్పులొచ్చాయి. కబురందగానే సన్యాసమ్మ సైకిలెక్కింది. కోటబాట దగ్గర భటులు అడ్డుకున్నారు. ఊబిదారిన పడింది. చక్రాలు దిగబడ్డాయి. సైకిలు వదిలేసి మోకాళ్లలోతు బురదలో నడిచి నడిచి వచ్చేసరికి పొద్దుపోయింది.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

నూకరత్నం ఏడవలేదు. వాకిట్లో బురద కాళ్లతో కూలబడిన సన్యాసమ్మను చూసింది. లోపల ఖాళీ చేతులతో పడుకున్న తోడికోడలిని చూసింది. ఆమెకు కోపం భగ్గుమంది. కొంగు నడుముకు దోపి, తిన్నగా కొలువుకు వెళ్లింది.

"మహరాజా, ఆ బోర్డు తీయించండి. అది ఒక బిడ్డను తినేసింది."

రాజు ఇబ్బందిగా కదిలాడు. దివాను మాత్రం చిరునవ్వు నవ్వాడు.

"ప్రభూ, ఆడవాళ్లకు దమ్ముండదు, బండి మీద అదుపుండదు. వాళ్ల క్షేమం కోసమే ఆ బోర్డు. నమ్మకపోతే పందెం పెట్టండి. సిపాయిలకు ఏటా పెట్టేదే. కోట నుంచి మామిడితోపు దాకా కోసు పరుగు. అక్కడినుంచి గద్దలకొండ మొదలు దాకా పోనూ రానూ సైకిలు. మళ్లీ కోట దాకా పరుగు. జాము పొద్దెక్కాక బయల్దేరి, మిట్టమధ్యాహ్నపు ఫిరంగి పేలేలోగా ఒక్క ఆడది తిరిగొచ్చినా సరే, బోర్డు నా చేతులతో నేనే పీకేస్తాను."

"చాలు. అదే మాట మీద ఉండండి" అంది నూకరత్నం.

అన్నదే గాని, ఆమె పుట్టి బుద్ధెరిగాక పందెం పరుగెత్తి ఎరగదు. తొక్కడం వచ్చు. పరుగు రాదు. మొదటి రోజు అర కోసు పరుగెత్తి, గట్టుమీద కూర్చుని వాంతి చేసుకుంది. రెండో రోజు పిక్కలు పట్టేశాయి. సైకిలు దిగి పరుగందుకుంటే కాళ్లు తనవి కానట్టు తడబడేవి. ఆగిపోదామని అనిపించినప్పుడల్లా దివాను చిరునవ్వు కళ్లముందు కదిలేది. మళ్లీ లేచేది.

మొగుడు అప్పన్న ఒక్కటే మాట అన్నాడు. "క్యారేజీలు నేను మోస్తాలే. నువ్వు పరుగెత్తు."

ఆమెను చూసి మరో ఏడుగురు ఆడవాళ్లు కచ్చలు బిగించారు. ఎనిమిదో మనిషిగా సన్యాసమ్మ వచ్చింది. ఆమెకు అరవై దాటాయి.

"నీకెందుకు పెద్దమ్మా ఈ ఎండలో?" అంది నూకరత్నం.

"ఆ బురదలో నడిచింది నేనేనే. నాక్కాక ఎవరికి?" అంది ముసలామె.

వైశాఖమాసంలో పందెం రోజు వచ్చింది. ఊరంతా కోట ముందు చేరింది. తొమ్మిదిమంది గీత దగ్గర నిలబడ్డారు. డప్పు మోగబోతుండగా దివాను చెయ్యెత్తాడు.

"చిన్న మార్పు. కొండ మొదలు దాకా కాదు, కొండ నెత్తి దాకా తొక్కాలి. పైన మా మనిషి చేతికి ముద్ర వేస్తాడు."

"సిపాయిలు మొదలు దాకానే కదా వెళ్లేది!" అని నూకరత్నం అరిచింది.

"సిపాయిలతో సమానమనే కదా మీ పంతం. కాస్త ఎక్కువే అనిపించుకోండి" అన్నాడు దివాను. డప్పు మోగింది.

నూకరత్నం ఒళ్లు తెలియని కోపంతో బాణంలా దూసుకుపోయింది. పావు కోసు పోయేసరికి ఊపిరందలేదు. డొక్కలో పోటు. వెనకనుంచి సన్యాసమ్మ నింపాదిగా వచ్చి పక్కన చేరింది.

"ఒసే, ఆ కోపమంతా ఇక్కడే తగలేస్తావా? కొండకు దాచుకో. ఊపిరి చూసుకో."

నూకరత్నం అడుగు తగ్గించింది. పోటు సర్దుకుంది. తొమ్మిదిమందీ కలిసే మామిడితోపు చేరారు.

అక్కడ సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తొమ్మిదింటికీ ముందు టైర్ల మీద కత్తిగాట్లు. కాపలా ఉన్న భటుడు చెట్టుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఒక పడుచు ఏడుపందుకుంది. భటుడి పీక పట్టుకుందామా అనిపించింది నూకరత్నానికి. పట్టుకుంటే పందెం అక్కడే ఆగుతుంది. దివానుకు కావలసిందీ అదే.

ఆమె చుట్టూ చూసింది. తోపులో గడ్డివాము ఉంది. పక్కనే చలివేంద్రంలో ఇనప గరిటె ఉంది. గరిటె కాడతో టైరు అంచు లేపింది. చిరిగిన ట్యూబు లాగి పారేసింది. ఆ ఖాళీలో ఎండుగడ్డిని మెలిపెట్టి కూరింది. దారి మధ్యలో గాలి పోయిన బండి మీద అన్నం మోసిన మనిషి, ఇలాంటివి ఎన్ని చూడలేదు!

"ఏడవకండర్రా, గడ్డి అందించండి!" అంది. తనది అయ్యాక వెళ్లిపోలేదు. పక్క బండి పట్టుకుంది. రెండు బళ్లు అయ్యేసరికి తక్కినవాళ్లకు కిటుకు తెలిసింది. సన్యాసమ్మ ఆమె చేతిలో గరిటె లాక్కుంది. "ఇక నేను చూసుకుంటా. నువ్వు పో!"

గడ్డి చక్రం రాయి మీద రాయిలా దొర్లింది. ప్రతి గతుకూ నడుములోకి ఎక్కింది. కొండదారిలో ఎండ నిలువునా కాల్చింది. చెమట కళ్లలో పడి మండింది. సగం ఎక్కాక కాళ్లు ఇక రామన్నాయి. అప్పుడు తీసింది ఆమె దాచుకున్న కోపాన్ని. అరవలేదు, తిట్టలేదు. ఒక్కో తొక్కుకూ కొంచెం కొంచెం వాడుకుంది. బిడ్డకోసం ఒక తొక్కు. బురదలో నడిచిన ముసలికాళ్ల కోసం ఒక తొక్కు. కొండ నెత్తిన ముద్ర వేయించుకుని దిగింది.

తోపులో సైకిలు పడేసి పరుగందుకుంది. పాదాలు బొబ్బలెక్కాయి. కోట బురుజు కనబడింది. జనం కేకలు వినబడ్డాయి. గీత ఇంకా వంద బారల దూరంలో ఉంది.

బురుజు మీద దివాను రుమాలు ఊపాడు. ధనామని ఫిరంగి పేలింది.

జనం కేకలు ఆగిపోయాయి. నూకరత్నం మాత్రం ఆగలేదు. పరుగెత్తి గీత దాటి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి నిలబడింది.

దివాను దిగి వచ్చాడు. "అయ్యో పాపం, రవ్వంతలో పోయింది. ఫిరంగి పేలిపోయిందమ్మా."

వంగి ఉన్న నూకరత్నానికి ఎదురుగా నేలమీద తన నీడ కనబడింది. పడమటి వైపుకు సాగి ఉంది. ఆమె మెల్లగా నిటారుగా నిలబడింది.

"మహరాజా, పందిరి కిందనుంచి ఇలా ఎండలోకి రండి."

ఒక క్యారేజీల మనిషి రాజును ఎండలోకి పిలవడం ఎవరూ ఎరగరు. ఆమె గొంతులో ఏముందో గాని, రాజు లేచి వచ్చాడు.

"వైశాఖంలో మిట్టమధ్యాహ్నం మనిషి నీడ కాళ్లకిందికి పోతుంది. మీ నీడ జానెడు పడమటికి ఉంది, చూసుకోండి. ఫిరంగి దివానుగారిది, ఆయన చెప్పినప్పుడు పేలుతుంది. సూర్యుడు కూడా ఆయన కొలువులోనే ఉన్నాడా?"

రాజు నీడకేసి చూశాడు. దివాను గొడుగు పట్టబోయాడు. "తియ్యి" అన్నాడు రాజు. ఆ మాట అంత గట్టిగా అనడం ఊరు మొదటిసారి విన్నది.

రాజు ఎండలో అలాగే నిలబడ్డాడు. ఊరంతా ఆ నీడనే చూస్తూ నిలబడింది. నీడ మెల్లగా కుంచించుకుపోతోంది. ఈలోగా దారిమీద దుమ్ము లేచింది. ఒక ఆడది వచ్చింది. ఆ తర్వాత ఇద్దరు. ఆ తర్వాత నలుగురు. నీడ నాలుగు వేళ్లకు తగ్గినప్పుడు సన్యాసమ్మ కుంటుతూ వచ్చి గీత దాటి నేలమీద కూర్చుంది.

నీడ రాజు పాదాల కిందికి దూరింది. అప్పటికి తొమ్మిదిమందీ చేరి ఉన్నారు.

"భుజంగరావూ, చేతులతో పీకేస్తానన్నావు. పీకు" అన్నాడు రాజు. అందరూ చూస్తుండగా దివాను గోళ్లు విరిగేలా తవ్వి బోర్డు పీకాడు. అదే ఆయన ఆఖరి రాచకార్యం.

రాజు నూకరత్నానికి పట్టుచీర తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు.

"చీర వద్దు మహరాజా. బోర్డు దివానుగారిదే. కింద ముద్ర మాత్రం మీది. మా తోడికోడలి గడపకు వచ్చి ఆ మాట మీ నోటితో చెప్పండి."

రాజు తల దించుకుని వెళ్లాడు. చెప్పాడు.

తర్వాత ఎవరో అడిగారు నూకరత్నాన్ని, "గెలిచావుగా, ఇక కోపం తగ్గిందా?" అని.

"తగ్గలేదు. తగ్గితే ఆ బిడ్డను మరిచిపోయినట్టే" అంది ఆమె, క్యారేజీలు సర్దుకుంటూ.

కాబట్టి పిల్లలూ, అన్యాయాన్ని చూసి కోపం రావడం తప్పు కాదు. దాన్ని దారిలో పారబోసుకోకుండా న్యాయం దక్కేదాకా మోసినవారిదే గెలుపు.